మూడో మెట్టు మీద గొడుగు

జనవరి 28

అన్నయ్యకు,

నువ్వు వెళ్ళి రెండు వారాలయింది. ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు, వినపడిన సగానికి వేరే జవాబు చెప్తావు. మొన్న భోంచేశావా అని అడిగితే తలుపు వేసే ఉంది అన్నావు. ముప్ఫై ఏళ్ళు నేత మిల్లులో మగ్గాల మధ్య నిలబడ్డ చెవులతో నేనిక పోట్లాడలేను. అందుకే కాగితం పట్టుకున్నాను.

ఇల్లు బాగానే ఉంది. వంటింటి కుళాయి మళ్ళీ కారుతోంది. నీ చెయ్యి పడితే తప్ప ఆగనని దాని పట్టుదల. మన ఊరి ఫుట్‌బాల్ జట్టు చొక్కాలు పదకొండూ నా కుట్టుమిషన్ పక్కన గుట్టగా పడున్నాయి. చంకల దగ్గర చిరగనిది ఒక్కటీ లేదు. ఒక్క గోల్ వెయ్యనివాళ్ళు ఇంతలా ఎందుకు చింపుకుంటారో నాకు అర్థం కాదు.

ఆదివారం గ్రౌండుకి ఒక్కదాన్నే వెళ్ళాను. మన మూడో మెట్టు మీదే కూర్చున్నాను. నీ చోట ఎవరూ కూర్చోకుండా గొడుగు పెట్టాను. నాలుగు–సున్నా. సున్నా మనదే. గోల్ ముందు మన పోస్ట్‌మ్యాన్ ఉన్నాడు, నువ్వు పేరు పెట్టిన జల్లెడే. నాలుగూ వాడి చేతుల కిందనుంచే పోయాయి. వెనక మెట్టు సెలూనాయన రెండుసార్లు ముందుకు వంగి, తిట్టేవాళ్ళు లేక ఏదోలా ఉందండీ అన్నాడు.

కొత్త మిల్లులో మగ్గాలు బిగించి నాలుగు నెలల్లో వచ్చేస్తానన్నావు. ఆఖరి మ్యాచ్ మే ఇరవై నాలుగున. ఆ రోజుకి గొడుగు ఇంట్లో ఉండాలి, నువ్వు మెట్టు మీద ఉండాలి.

బీపీ మాత్ర మర్చిపోకు.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 7

చెల్లాయ్,

ఉత్తరం అందింది. అందకపోయినా బాగుండేది. నాలుగు గోల్సా? ఆ జల్లెడగాడికి చేతులెందుకిచ్చాడో దేవుడు. వీధిలో ఒక్క ఉత్తరం జారవిడవడు, గోల్ ముందు నిలబడితే మాత్రం బంతికి దారి చూపించి పంపుతాడు. అది చదివాక అన్నం ముద్ద దిగలేదు. నిద్ర పట్టలేదు. నా బీపీకి మందిచ్చేది డాక్టరు, పెంచేది వీళ్ళు. ఇక ఆ దరిద్రపు జట్టు ఊసు నా దగ్గర ఎత్తకు, చెప్తున్నాను.

నాలుగో గోల్ ఎలా పోయిందో రాయలేదేం? ఎడమవైపునుంచేనా? వాడు ఎడమకి వంగడని పదకొండేళ్ళుగా మొత్తుకుంటున్నాను.

నాకు బేకరీ పైన గది ఇచ్చారు. తెల్లారేసరికి కింద బట్టీ వేడికి గోడలు వెచ్చబడతాయి. మిల్లువాళ్ళు మంచివాళ్ళే. వీళ్ళ జట్టు పోయిన ఏడు కప్పు కొట్టిందట, నన్నూ చూడ్డానికి తీసుకెళ్ళారు. ఐదు గోల్స్ వేశారు. రెండోది పడ్డాక నా పక్కవాడు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. మూడోదానికి ఒకాయన బస్సు రద్దీ అవుతుందని లేచి వెళ్ళిపోయాడు. అంత గెలిచే జట్టుని పెట్టుకుని వీళ్ళు మొహాలు అలా పెట్టుకుంటారేమిటో.

మేనేజరుకి నా పని నచ్చింది. ఇక్కడే ఉండిపోరాదా అంటాడు. నవ్వి ఊరుకున్నాను.

కుళాయికి గుడ్డ చుట్టు. నేను వచ్చి చూస్తాను.

అన్న


ఫిబ్రవరి 16

అన్నయ్యకు,

నీ ఉత్తరం చదివి పొయ్యి ఆర్పేసి కూర్చున్నాను. పరాయి ఊళ్ళో, ఒంటిగదిలో, ముద్ద దిగక, నిద్ర లేక. అంతా నా చేతులారా చేసుకున్నాను. ఓడిపోయిన కబుర్లు ఇక నీకు రాయనని ఒట్టు పెట్టుకున్నాను.

ఒట్టు పెట్టుకున్న వేళ మంచిది. ఆదివారం గెలిచాం అన్నయ్యా. రెండు–ఒకటి. మొదటిది పదిహేనో నిమిషంలో, రెండోది ఆఖర్లో. రెండూ మన తొమ్మిదో నంబరే వేశాడు, ఆ ఎలక్ట్రీషియన్. జల్లెడ కూడా ఎడమకి వంగి ఒకటి పట్టాడు. ఇంకేం కావాలి నీకు? కడుపునిండా తిను. హాయిగా పడుకో.

ఇవాళ మిషన్‌కి కొత్త బెల్టు వేయించాను. పాతది తొమ్మిదో నంబరు చొక్కా కుడుతుండగానే తెగింది. రెండు వారాలు ఆ చొక్కా మిషన్ కిందే ఉండిపోయింది.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 27

చెల్లాయ్,

గెలిచామా? మనమేనా? ఎదుటి జట్టులో ఎంతమంది వచ్చారు, పదకొండు మందీ వచ్చారా? ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తిట్టడానికి ఒక్క ముక్క దొరకలేదు.

ఇంత మంచి కబురు ఎవరికి చెప్పను? కిందకి దిగి బేకరీ ఆయనకి చెప్పాను. మంచిదండీ అని రొట్టె కట్టిచ్చాడు. ఆయనకేం తెలుసు పాపం. సెలూనాయన అయితే నా భుజం ఊడిపోయేలా కుదిపి ఉండేవాడు.

సంతోషంగానే ఉంది. నిజంగా. నేను ఊరు వదిలిన నెలకే గెలవాలా అని చిన్న గుచ్చుకోవడం, అంతే. వయసు మీదపడింది కదా, ప్రతిదానికీ ఏదో ఒకటి అనిపిస్తుంది.

అన్న


మార్చి 18

అన్నయ్యకు,

నీ ఉత్తరం అర పేజీకి వచ్చేసింది. పని ఎక్కువగా ఉందేమో. నిన్ను హుషారు చేసే కబురు నా దగ్గర ఉందిలే.

మళ్ళీ గెలిచాం, ఆపైన మళ్ళీ గెలిచాం. మూడు–సున్నా, నాలుగు–ఒకటి. మొన్న జల్లెడ పెనాల్టీ ఆపాడు. ఎడమవైపే. ఊరు ఊరంతా గ్రౌండులోనే ఉంది. కూర్చోడానికి చోటు లేదు. నీ చోట గొడుగు పెట్టానా, ఎవరో తీసి పక్కన పెట్టి కూర్చున్నారు. గెలిచే జట్టుకి చుట్టాలెక్కువ కదా, ఏం చేస్తాం.

చూశావా, నువ్వు దిగులు పడాల్సిన పనే లేదు. కుళాయి కారడం కూడా తగ్గింది.

నీ చెల్లెలు


ఏప్రిల్ 2

చెల్లాయ్,

ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. కోపం తెచ్చుకోకుండా ఆఖరిదాకా చదువు.

నేను కూర్చుని లెక్క చూసుకున్నాను. పదకొండేళ్ళలో మన జట్టు గెలిచింది ఆరు మ్యాచులు. ఒకసారి నాకు కామెర్లొచ్చి మంచం మీదున్నాను. ఒకసారి బస్సు చెడిపోయి నేను చేరేసరికి ఆట అయిపోయింది. ఇంకోసారి పంటినొప్పి. మిగతా మూడూ మిల్లులో ఆదివారం షిఫ్టు పడ్డప్పుడు. ఇప్పుడు ఊరు వదిలిన రెండు నెలల్లోనే వరసగా మూడు. ఇక ఎవరు చెప్పాలి? నాదే ఐరన్ లెగ్. పదకొండేళ్ళు వాళ్ళని నోరారా తిట్టాను, శని ఏమో మూడో మెట్టు మీద నేనే కూర్చున్నాను.

నవ్వులాటకి రాయడం లేదు. బావ పోయిన మూడో నెలలో నిన్ను బలవంతంగా గ్రౌండుకి లాక్కెళ్ళాను. ఇంట్లోనే ఉంటే ఏమైపోతావోనని భయం. తీసుకెళ్ళి ఏం చూపించాను? ఆరు గోల్స్ తిని రావడం చూపించాను. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం అదే. ఇప్పుడు నీ ఉత్తరాలు చూస్తే అన్నీ గెలుపులే, జనమే, సందడే. ఇన్నాళ్ళకి నీకు కాస్త మంచి రోజులొచ్చాయి. నేను వచ్చి మళ్ళీ వాటిని పాడుచెయ్యను.

మేనేజరుకి సరేనన్నాను. పదిహేనో తేదీన సంతకం. రెండేళ్ళు ఇక్కడే. నా గది ఖాళీగా పెట్టకు, నీ మిషన్ అందులోకి మార్చుకో, వెలుతురు బాగుంటుంది.

జల్లెడకి ఒక కార్డు రాశాను, పెనాల్టీ ఆపినందుకు. పదకొండేళ్ళ తిట్లకి ఒక్క మెచ్చుకోలైనా బాకీ తీరాలి కదా.

అన్న


ఏప్రిల్ 10

అన్నయ్యకు,

సంతకం పెట్టకు. ఈ మాట ముందు రాసేస్తున్నాను, మిగతాది తర్వాత చదువు. సంతకం పెట్టకు.

ఇవాళ జల్లెడ సంచీ భుజానేసుకుని వచ్చాడు. ఒక చేతిలో నీ ఉత్తరం, ఇంకో చేతిలో నువ్వు వాడికి రాసిన కార్డు. వాడి మొహం చూడలేకపోయాను. "మీ అన్నగారు మొహం మీద తిడితే నేనెప్పుడూ బాధపడలేదమ్మా. ఇలా వెక్కిరిస్తారనుకోలేదు. ఆ రోజు పెనాల్టీ నా కాళ్ళ మధ్యలోంచి పోయింది" అన్నాడు. సంచీలోంచి చేతి తొడుగులు తీసి నా మిషన్ మీద పెట్టాడు. ఇక ఆడడట.

పెనాల్టీ పోయింది అన్నయ్యా. అన్నీ పోయాయి. ఈ సీజన్లో ఒక్కటీ గెలవలేదు. నీకు రాసిన మూడు గెలుపులూ నేను కుట్టినవే, ఈ మిషన్ ముందు కూర్చుని. రెండు–ఒకటి అన్న మ్యాచ్‌లో ఐదు–సున్నా. మూడు–సున్నా అన్నది నిజమే, వాళ్ళకి మూడు. ఎలక్ట్రీషియన్ రెండు గోల్స్ వేశాడని రాసిన రోజున అతను ఆడనే లేదు. అతని చొక్కా బెల్టు తెగిన మిషన్ కింద ఇరుక్కుని ఉంది. అది కూడా అదే ఉత్తరంలో రాశాను. నువ్వు చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు. జనం రాలేదు. నీ చోట ఎవరూ కూర్చోలేదు. గొడుగు నేను ఎక్కడ పెట్టానో అక్కడే ఉంటుంది.

ఎందుకు చేశానంటే, ముద్ద దిగలేదన్నావు. నిద్ర లేదన్నావు. ఆ మాటలు నువ్వు పక్కన కూర్చుని కూడా ప్రతివారం అంటావు, ఆ వెంటనే నా తినుబండారాల పొట్లం ఖాళీ చేస్తావు. పక్కనుంటే నీ మొహం కనిపిస్తుంది. కాగితం మీద తిట్టు ఒక్కటే వస్తుంది, దాని వెనక నవ్వు రాదు. నేను నిజమనుకున్నాను.

ఇంకో మాట. ఆరు గోల్స్ చూపించానని రాశావే, ఆ రోజు నీకు గుర్తుంది గానీ నాకు గుర్తున్నది నీకు తెలియదు. ఐదో గోల్ పోయినప్పుడు నువ్వు లేచి, ఒరేయ్, బంతిని వాళ్ళ ఇంటిదాకా దిగబెట్టి రారా అని అరిచావు. నాకు నవ్వొచ్చింది. ఆయన పోయాక మొదటిసారి వచ్చిన నవ్వు అదే. నవ్వినందుకు సిగ్గేసి కొంగు అడ్డం పెట్టుకున్నాను. గెలిచి ఉంటే చుట్టూ అందరూ గంతులేసి ఉండేవాళ్ళు, ఆ గంతుల మధ్య నేను కూర్చోలేకపోయేదాన్ని. ఓడిపోయేవాళ్ళ మధ్య కూర్చోవడం ఆ రోజుల్లో నాకు చేతనయింది.

ఈ సీజన్లో ఒక్కదాన్నే కూర్చుని చూస్తే తెలిసింది. నువ్వు లేకపోతే ఓటమి ఉత్త ఓటమే. ఏమీ బాగోదు.

జల్లెడకి అంతా చెప్పేశాను. అంటే ఆయన నిజంగానే మెచ్చుకున్నారా అని అడిగి, కార్డు జేబులో పెట్టుకుని, తొడుగులు తీసుకుని వెళ్ళాడు.

నన్ను ఎంత కావాలంటే అంత తిట్టు. వచ్చి తిట్టు.

నీ చెల్లెలు


ఏప్రిల్ 19

అబద్ధాలకోరు చెల్లాయికి,

పదిహేనున సంతకం పెట్టాను. పదహారున నీ ఉత్తరం వచ్చింది.

రెండు రోజులు నీ మీద పళ్ళు కొరుకుతూనే ఉన్నాను. నా చెవిలో ఇంత పువ్వు పెట్టావు, ఆ పువ్వుతోనే ఊరంతా తిరిగాను. బేకరీ ఆయన నాలుగు–ఒకటికి కేకు ముక్క కూడా ఇచ్చాడు. ఆ ముక్క ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అరిగించుకోవాలి?

మూడో రోజున తొమ్మిదో నంబరు చొక్కా గుర్తొచ్చి నవ్వాగలేదు. మగ్గం మీద ఒక్క పోగు తెగితే పది గజాల దూరంనుంచి పట్టేవాణ్ణి. నా చెల్లెలు ఒకే ఉత్తరంలో ఒకణ్ణి చొక్కా లేకుండా ఆడించి రెండు గోల్స్ వేయిస్తే పట్టలేకపోయాను.

మేనేజరు దగ్గరకి వెళ్ళి కాగితం వెనక్కిమ్మన్నాను. జీతం పెంచాలా అన్నాడు. కాదండీ, మా జట్టు ఓడిపోతోంది, వెళ్ళాలి అన్నాను. గెలుస్తుంటే కదయ్యా వెళ్ళేది అన్నాడు. గెలుస్తున్నారనే ఆగిపోయానండీ అన్నాను. ఆ కాగితం నా చేతిలో పెట్టి, మిగిలిన ఎనిమిది మగ్గాలూ బిగించి వెళ్ళమన్నాడు. మే ఇరవైకి అయిపోతాయి.

బావ పోయాక నువ్వు మొదట నవ్విన రోజు నాకు తెలియదనుకున్నావా? కొంగు కదిలింది. ఆ తర్వాత ప్రతివారం గొంతు పెంచి తిట్టింది ఎందుకనుకున్నావు?

ఇక నా శిక్ష విను. దాచిన ఓటములన్నీ ఒక్కొక్కటీ, గోల్ గోల్‌కీ, ఎటునుంచి పోయిందో రాసి పంపు. అవి నావి.

అన్న


మే 4

అన్నయ్యకు,

నీ శిక్ష ప్రకారం రాయడానికి కూర్చున్నాను. పదకొండు పేజీలు అయ్యాయి, విడిగా పంపుతాను. దానికంటే ముందు ఒకటి చెప్పాలి. చెప్పాలా వద్దా అని రాత్రంతా కాగితం ముందు కూర్చున్నాను.

నిన్న మనవాళ్ళు గెలిచారు.

నాకు తెలుసు, నమ్మవు. నా నోట్లో నేనే మట్టి కొట్టుకున్నాను. కానీ నిజం. ఆట అయ్యాక జల్లెడ గోల్ ముందే కూర్చుండిపోయాడు, ఇద్దరు వెళ్ళి లేపారు. సెలూనాయన వెనకనుంచి నా భుజం పట్టుకుని కుదిపి, అది ఎవరి భుజమో గుర్తొచ్చి, క్షమించండమ్మా, అన్నగారనుకున్నాను అని చెయ్యి తీసేశాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. చుట్టూ అందరూ గంతులేస్తున్నారు, నేను గొడుగు ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నాను. సంతోషంతోనే అనుకున్నారు అందరూ.

ఇది రాయకుండా దాచేద్దామనుకున్నాను. రాస్తే మళ్ళీ ఐరన్ లెగ్ అని అక్కడే ఆగిపోతావని భయం. ఈసారి ఆగిపోతే నా దగ్గర ఒప్పుకోడానికి అబద్ధం కూడా లేదు. కానీ నీకు ఇంకొక్క అబద్ధం రాయలేను. నిజం చెప్పేశాను, ఇక నీ ఇష్టం.

కుళాయి కారడం తగ్గిందని రాశాను కదా, అదీ అబద్ధమే. బకెట్ పెట్టాను.

నీ చెల్లెలు


మే 12

చెల్లాయ్,

కవర్లు అయిపోయాయి, కార్డే దొరికింది. దారిలో ఎవడు చదువుతాడో నాకు తెలుసు, చదువుకోనీ.

నమ్మాను. అబద్ధపు గెలుపులు మూడింటికీ స్కోరు రాశావు, ఎన్నో నిమిషమో కూడా రాశావు. ఈ ఉత్తరంలో భుజం ఉంది, గొడుగుంది, ఏడుపుంది, స్కోరే లేదు. మర్చిపోయావు. నిజంగా గెలిస్తే నువ్వు మర్చిపోతావు.

నేను లేకుండా గెలిచారన్నమాట. కాలు ఇనుపదే అయ్యుంటుంది. అయినా ఎత్తుకుని వస్తున్నాను, టికెట్టు కొన్నాను. ఇరవై నాలుగున నేను కూర్చోవడం వల్ల ఓడిపోతే ఓడిపోదాం. నా పక్కన కూర్చుని ఓడిపోదువుగాని. నేను గట్టిగా తిడతాను. కొంగు అడ్డం పెట్టుకోకు.

ఈ కార్డు మోస్తున్నవాడికి: పెనాల్టీ సంగతి నాకు తెలుసురా. మెచ్చుకోలు మాత్రం వెనక్కి తీసుకోను. ఎడమకి వంగు.

చెల్లాయ్, మూడో మెట్టు మీద గొడుగు తీసెయ్యి. నేను కూర్చోవాలి.

అన్న